అమ్మ విన్న సినిమా

2023 వేసవిలో మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళాను. ఓ శనివారం సాయంత్రం "అమ్మా, సినిమాకి పోదాం, దుప్పటి తీసుకో" అంది. సినిమాకి దుప్పటెందుకే అంటే నవ్వి ఊరుకుంది. తీరా వెళ్ళి చూద్దును కదా, ఊరి బయట పెద్ద బీడు. ఆ చివర తెల్లటి తెర. దాని ముందు వరసలు వరసలుగా కార్లు! ఎవరి కార్లో వాళ్ళు కూర్చుని, మాటలూ పాటలూ కారు రేడియోలో వింటూ సినిమా చూడటమే. డ్రైవ్ ఇన్ థియేటర్ అంటారట. మా మనవరాలు డిక్కీ తలుపు పైకెత్తి, బొంత పరుచుకుని దర్జాగా పడుకుంది. పక్క కారావిడ మడత కుర్చీ వేసుకుని చంటివాడికి పాలు పడుతోంది.

ఆ ఇంగ్లీషు సినిమా నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! కానీ ఆ బీడు, ఆ చల్లగాలి, చీకట్లో వెలిగే ఆ తెర... ఇది మా ఊరి టూరింగ్ టాకీసు కాదూ? ఎడ్లబళ్ళకి బదులు కార్లు, అంతేగా తేడా!

మాది గురజాల దగ్గర పల్లె. నా చిన్నతనంలో, అంటే 1970 ప్రాంతాల్లో, పంటలు ఇళ్ళకి చేరాక ఊరి బయట కల్లాల పక్కన డేరా దిగేది. ఒకచోట కొన్నాళ్ళే అనుమతి. తర్వాత పీకేసి మరో ఊరు పోవాల్సిందే. నేల, బెంచీ, కుర్చీ అని మూడు తరగతులు. నేలలో ఆడవాళ్ళ వైపుకీ మగవాళ్ళ వైపుకీ మధ్య తడిక. మన చాప మనమే తీసుకుపోవాలి. ముందు కూర్చున్నవాళ్ళ తలలు అడ్డమొస్తే ఇసుక కుప్పగా పోసుకుని దానిమీద ఎక్కి కూర్చునేవాళ్ళం. ప్రొజెక్టరు ఒక్కటే కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా లైట్లు వెలిగేవి. అలా మూడు నాలుగు ఇంటర్వెల్స్! ఆ సందులోనే మరమరాలు, వేరుశెనక్కాయలు, గోళీసోడాలు.

చుట్టుపక్కల పల్లెలవాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చేవారు. డేరా చుట్టూ విప్పిన ఎడ్లు, కాడి దించిన బళ్ళు. ఇప్పటి కార్ పార్కింగులు దాని ముందు ఏపాటి?

సాయంత్రం మైకులో ఘంటసాల గారి వెంకటేశ్వరస్వామి పాట వినబడిందంటే టిక్కెట్లు ఇస్తున్నట్టు లెక్క. పిల్లలం పక్కింటి పిన్ని వెంట పరుగు.

మా అమ్మ మాత్రం వచ్చేది కాదు. రానిచ్చేవారు కాదనడం సబబు. మొదటాట వేళకి బర్రెలకి పాలు తియ్యాలి, మామగారికి అన్నం పెట్టాలి. రెండో ఆటంటే అర్ధరాత్రి. "కోడలుపిల్ల నేల టిక్కెట్టులో కూర్చుంటే ఊళ్ళో తలెత్తుకోగలమా?" అనేది మా నాయనమ్మ. కుర్చీ టిక్కెట్టు కొందామంటే అంత డబ్బు తగలెయ్యడం మరీ తప్పు. ఎటొచ్చీ అమ్మ ఇంట్లోనే!

కానీ రాత్రిపూట సినిమా మా వాకిట్లోకి వచ్చేది. అప్పట్లో ఇన్ని మోటార్లు, టీవీలు ఎక్కడివి? ఊరు సద్దుమణిగాక డేరాలోని ప్రతి మాటా మంచం మీదికి వినబడేది. అమ్మ అంట్లు తోముతూ వినేది, పాలు తోడుపెడుతూ వినేది. ఓసారి 'గుండమ్మ కథ' వారం పైనే ఆడింది. 1962లో వచ్చిన సినిమా మా ఊరికి పదేళ్ళకి చేరింది లెండి. అందులో సావిత్రి ఇంటెడు చాకిరీ చేస్తుంటే సూర్యకాంతం సాధిస్తూ ఉంటుంది కదా. అటు డేరాలోంచి సూర్యకాంతం గొంతు, ఇటు పంచలోంచి మా నాయనమ్మ గొంతు. ఏ గొంతుకి పలుకుతుందో తెలియనట్టు అమ్మ పైట అడ్డం పెట్టుకుని నవ్వుకునేది.

పొద్దున్నే నాకు జడ వేస్తూ అడిగేది: "ఏమే, ఆ మాటకి సావిత్రి ఏం చేసింది? ఏడ్చిందా, ఊరుకుందా? ఏ రంగు చీర కట్టింది?" బొమ్మ నలుపూ తెలుపే అని చెప్పడానికి నాకెందుకో మనసొప్పలేదు. "ఆకుపచ్చ" అన్నాను. మర్నాడు జమునకి గులాబిరంగు కట్టించాను. వారం తిరిగేసరికి ఆ సినిమాకి రంగులన్నీ నేనే వేసేశాను.

ఒక్కసారి మాత్రం అమ్మ సినిమాకి వచ్చింది. 'లవకుశ' వేశారు. పుణ్యం కదా, నాయనమ్మే బండి కట్టించింది. పులిహోర, నీళ్ళ చెంబు, ఒళ్ళో ఏడాది నిండని తమ్ముడు. రెండో ఇంటర్వెల్ కాగానే వాడు గుక్కపట్టాడు. తడిక అవతలి నుంచి "ఎవరమ్మా, ఆ పిల్లాణ్ణి బయటికి తీసుకుపో!" అని కేకలు. అమ్మ లేచి వెళ్ళిపోయింది. తక్కిన సినిమా అంతా బండిలో కూర్చుని వింది. తమ్ముడు నిద్రపోయాక కూడా లోపలికి రాలేదు. ఎందుకని ఆ రోజు ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

అమెరికాలో మా అల్లుడు చెప్పిన సంగతి వినగానే అందుకే చివుక్కుమంది. ఈ డ్రైవ్ ఇన్ మొదలుపెట్టింది రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ అనే ఆయన. 1933 జూన్ 6న, న్యూజెర్సీలోని కామ్డెన్ దగ్గర. థియేటరు సీట్లలో ఇరుకుపడే వాళ్ళమ్మ కోసమే ఆలోచించాడని చెప్పుకుంటారు. ఇంటి పెరట్లో చెట్లకి తెర కట్టి, కారు ముందుభాగం మీద ప్రొజెక్టరు పెట్టి పరీక్షించాడట. పిల్లలు ఎంత అల్లరి చేసినా సరే, ఇంటిల్లిపాదీ రండి అని ప్రకటన ఇచ్చాడట! చంటిపిల్లల తల్లుల్ని రమ్మని పిలిచిన సినిమాహాలు! 1950ల చివరికి ఆ దేశంలో అవి 4,000 దాటాయి. ఇప్పుడు సుమారు 300 మిగిలాయి. ఇంట్లో టీవీలు, ఊరిబయట భూములకి పెరిగిన ధరలు... కారణాలు మనకి తెలియనివేం కావు. 2020లో కరోనా వచ్చి హాళ్ళు మూతపడ్డప్పుడు జనం మళ్ళీ వీటి కోసం వెతుక్కున్నారు.

మన దేశంలోనూ ఉన్నాయి. అహ్మదాబాదులో 1973లో పెట్టారు, కార్లు లేనివాళ్ళు కూర్చోవడానికీ చోటుంచారు. ముంబైలో 2021లో ఒకటి కొత్తగా వచ్చింది. చెన్నై ఈసీఆర్ రోడ్డులోని 'ప్రార్థన' మాత్రం కరోనా దెబ్బకి మూతపడింది.

మన పల్నాడులో డ్రైవ్ ఇన్ ఎక్కడిదంటారా? శివరాత్రికి కోటప్పకొండ రండి. తాళ్ళని మించిన ప్రభలు, వాటి నిండా కరెంటు దీపాలు, వాటి ముందు పాటలు, డాన్సులు. ట్రాక్టర్లు, ఆటోలు వేసుకొచ్చిన ఆడవాళ్ళు చాపలు పరిచి పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకుని తెల్లార్లూ చూస్తారు. ఆ ఒక్క రాత్రి ఎవరూ "ఇంత రాత్రివేళ ఆడవాళ్ళేంటి" అనరు. ఏడాదికి ఒక్క రాత్రేనా అని నాకు కోపం కూడా వస్తుందనుకోండి!

టూరింగ్ టాకీసులు పోయాయి. పక్కా హాళ్ళు కట్టారు, ఎనభైల్లో వీడియోలు వచ్చాయి, వెనకే టీవీలు. డేరా ఉన్నచోట ఇప్పుడు ఇళ్ళు లేచాయి.

అమ్మ 'గుండమ్మ కథ'ని కళ్ళారా చూసింది నరసరావుపేటలో మా ఇంట్లో, టీవీలో, 1990ల్లో. అప్పటికి నాయనమ్మ లేదు. కుర్చీ వెయ్యబోతే వద్దని చాప పరుచుకుంది. ప్రతి మాటా సూర్యకాంతం కంటే ముందే అనేస్తోంది. సావిత్రి కనబడగానే ఆగిపోయింది. కాసేపు తెర వంక, కాసేపు నా వంక చూసింది.

"ఏమే, ఆకుపచ్చ చీరన్నావు?"

నేను నవ్వబోయి నవ్వలేకపోయాను. "అప్పుడే పిన్ని చెప్పిందిలే, రంగుల్లేవని" అంది తనే, మళ్ళీ టీవీ వైపు తిరుగుతూ. "నువ్వు చెప్తుంటే ఊరుకున్నా."