ఫ్లూ కాలమున పదిమంది మెలగెడు భవనములు

వానలు మొదలైన కొలది దినములకే ఇంటింట తుమ్ములు, దగ్గులు వినవచ్చును. మన దేశమున ఇన్‌ఫ్లుయెంజా ఏటా రెండుమారులు విజృంభించుచున్నది. జనవరి మొదలు మార్చి వరకు ఒకమారు, వానకాలమునను దాని వెనువెంటను మరియొకమారు. ఆ దినములలో బట్టల దుకాణములు, బ్యాంకులు, కార్యాలయములు, సినిమాహాళ్లు నడుపువారిలో పలువురు నేలను రెండు పూటలకు బదులు నాలుగు పూటలు ఫినాయిలుతో తుడిపించి, ఆ వాసన చూచి నిశ్చింతగా నుందురు. కాని వాసన వేరు, శుభ్రత వేరు. రోగము ఏ దారిన వచ్చునో తెలిసినగాని దానిని ఎక్కడ ఆపవలెనో తెలియదు.

రోగకారి

ఇన్‌ఫ్లుయెంజాకు కారణము ఒక వైరసు. 1933లో లండనులోని జాతీయ వైద్య పరిశోధన సంస్థలో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్లా అను శాస్త్రజ్ఞులు, రోగులు పుక్కిలించి ఉమిసిన నీటిని వడపోసి, ఫెర్రెట్లు అను ముంగిసవంటి జంతువుల ముక్కులలో వేసిరి. ఆ జంతువులకు జ్వరము వచ్చెను. బాక్టీరియాను ఆపగల వడపోతకు చిక్కని వైరసే ఈ రోగమునకు మూలమని ఇట్లు తేలినది. ఈ వైరసు పరిమాణము మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. దాని చుట్టును పలుచని క్రొవ్వుపొర ఒకటి ఉండును. ఈ పొరను గుర్తుంచుకొనవలెను. దీని ప్రసక్తి మరల రానున్నది.

ఈ రోగమును చిన్నచూపు చూడరాదు. 1918లో వచ్చిన మహమ్మారి మన దేశమున కోటికి పైగా ప్రాణములను బలిగొన్నది. 1957 మే నెలలో సింగపూరునుండి వచ్చిన ఓడ ద్వారా మరియొక రకపు వైరసు మద్రాసు రేవున దిగినది. 2009 మే నెలలో దేశమందలి తొలి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాదు చేరిన ఒక విమాన ప్రయాణికునియందు నిర్ధారణ అయినది.

ఆగిపోయిన విమానము

1977 మార్చిలో అమెరికాలోని అలాస్కాలో ఒక విమానము ఇంజను చెడి నేలపైననే నిలిచిపోయినది. అందులో 54 మంది ఉండిరి. వారిలో ఒకరికి అప్పటికే ఫ్లూ సోకియుండెను. మరమ్మతు జరిగిన మూడు గంటలసేపు పెక్కుమంది ప్రయాణికులు లోపలనే కూర్చుండిరి. ఆ సమయమున గాలిని మార్చు యంత్రము పనిచేయలేదు. 72 గంటలు గడచునప్పటికి ప్రయాణికులలో నూటికి 72 మంది జబ్బుపడిరి. విమానములో ఎక్కువసేపు గడిపినవారికి రోగము సోకుట కూడ ఎక్కువగా నుండెను.

ఆ విమానము అపరిశుభ్రముగా నుండుటవలన ఇట్లు జరిగెనా? కాదు. లోపలి గాలి కదలకపోవుటయే ఇందుకు ముఖ్య కారణమై యుండవచ్చునని పరిశోధకులు భావించిరి. రోగి దగ్గినపుడు, మాట్లాడినపుడు, ఊరక ఊపిరి విడిచినపుడు సహితము వైరసుతో కూడిన తుంపరలు వెలువడును. పెద్దవి కొలది అడుగుల దూరములో నేల వ్రాలును. మిక్కిలి సూక్ష్మమైనవి పొగవలె గాలిలో తేలియాడును. తలుపులు బిగించి చల్లబరచిన దుకాణము, మూసిన బ్యాంకు హాలు కొంతవరకు ఆ విమానము వంటివే.

గాలి లెక్క

గోడకు తగిలించు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోనికి తెచ్చుననుకొనుట పొరపాటు. అది గదిలోని గాలినే లాగి, చల్లబరచి, మరల గదిలోనికే వదలును. కావున కిటికీలు తెరచుట, గోడకు గాలిని బయటికి నెట్టు ఎగ్జాస్టు పంకా అమర్చుట అవసరము. పెద్ద భవనములందలి కేంద్రీయ యంత్రములలో బయటి గాలి వచ్చు మార్గమును తెరచి ఉంచి, వడపోత తెరలను వేళకు మార్చవలెను.

ఎంత గాలి చాలును? గదిలో పట్టునంత గాలి ఒకమారు లోనికి వచ్చినచో దానిని ఒక మార్పిడి అందురు. గంటకు 5 మార్పిడులకు తగ్గకుండ చూడుడని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రములు 2023లో సలహా ఇచ్చినవి. 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గది ఘనపరిమాణము 180 ఘనపు మీటర్లు. దానికి గంటకు 900 ఘనపు మీటర్ల గాలి కావలెను.

ఒక మార్పిడితో పాత గాలియంతయు పోదు. క్రొత్త గాలి పాతదానితో కలియుచు పోవును గనుక నూటికి 37 పాళ్లు పాతది మిగులును. దగ్గిన మనిషి గది విడిచి వెళ్లెననుకొందము. గంటకు 5 మార్పిడులు జరుగు గదిలో గంట తరువాత ఆ గాలి నూటికి ఒక పాలుకూడ మిగలదు. అర మార్పిడి మాత్రమే జరుగు గదిలో 61 పాళ్లు మిగులును. తరువాత వచ్చినవారు పీల్చునది దానినే.

గాలి చాలుచున్నదో లేదో తెలిసికొనుటకు బొగ్గుపులుసు వాయువును కొలుచు చిన్న పరికరములు లభించుచున్నవి. బయటి గాలిలో ఈ వాయువు పదిలక్షల పాళ్లకు సుమారు 420. మన నిశ్వాసములో సుమారు 40,000. గదిలో అది 800 దాటి ఎగబ్రాకుచున్నచో, అక్కడివారు ఒకరు విడిచిన ఊపిరిని మరొకరు పీల్చుచున్నారన్నమాట.

చేయి తాకు చోట్లు

రెండవ దారి చేతులు. 1982లో ప్రచురింపబడిన ప్రయోగములలో ఇన్‌ఫ్లుయెంజా వైరసు ఉక్కు, ప్లాస్టికు వంటి నున్నని వస్తువులపై 24 మొదలు 48 గంటల వరకు బ్రతికియుండెను. గుడ్డ, కాగితములపై 12 గంటలకు మించి నిలువలేదు. చేతిమీద అయిదు నిమిషములే నిలిచినను, ఆ వ్యవధిలో చేయి కంటికో ముక్కుకో తగులుట అరుదు కాదు.

కావున నేలకంటె ముందు చూడవలసినవి తలుపు పిడులు, లిఫ్టు మీటలు, మెట్ల కమ్ములు, బిల్లు బల్లలు, కార్డు యంత్రములు, వ్రేలిముద్ర హాజరు పెట్టెలు. వీనిని మొదట సబ్బు నీటితో తుడువవలెను. ఇందాక చెప్పిన క్రొవ్వుపొరను సబ్బు చీల్చివేయును. దానితో వైరసు నిర్వీర్యమగును. పిదప కావలసినచో క్రిమిసంహారిణి పూయవచ్చును. 5 శాతపు సోడియం హైపోక్లోరైటు 20 మి.లీ. తీసికొని, నీటితో ఒక లీటరు చేసినచో 0.1 శాతపు ద్రావణమగును. పూసిన వెంటనే తుడిచివేయరాదు. సీసాపై చెప్పినంతసేపు తడిగా నుండవలెను. లోహములను ఇది తినివేయును గనుక తరువాత మంచినీటితో తుడువవలెను. ఒకే గుడ్డతో పది బల్లలు తుడుచుట వైరసును బల్లనుండి బల్లకు చేరవేయుటయే.

ఒక హెచ్చరిక: బ్లీచింగు ద్రావణమును మరుగుదొడ్లు కడుగు ఆమ్లముతో ఎన్నడును కలుపరాదు. విషవాయువగు క్లోరిను పుట్టి ఊపిరితిత్తులను దెబ్బతీయును.

తుడుచువారి మాట

ఈ పనులన్నియు చేయువారు ఎక్కువగా దినకూలీలు. జ్వరము వచ్చిన దినమున రాకున్నచో కూలి పోవును గనుక వారు దగ్గుచునే వచ్చి గదిగదికి తిరుగుదురు. ఫ్లూ సోకినవారు లక్షణములు కనబడుటకు ఒక దినము ముందునుండి, కనబడిన పిదప అయిదారు దినముల వరకు ఇతరులకు అంటింపగలరు. కావున చేతితొడుగులు, టీకా, జబ్బుపడిన దినములకు జీతముతో సెలవు ఇచ్చుట వారికి చేయు దయ కాదు. ఆ భవనములో అడుగిడు వారందరికి రక్ష.

ఉపాధ్యాయులు ఒక చిన్న ప్రయోగము చేయింపవచ్చును. తరగతిలో తలుపులు మూసి అగరువత్తి వెలిగించి, అది ఆరిన పిదప వాసన ఎంతసేపు నిలుచునో విద్యార్థులచే గుర్తింపజేయుడు. మరునాడు ఎదురెదురు కిటికీలు తెరచి అట్లే చేయుడు. రెండు కాలములకు గల తేడాయే ఈ వ్యాసమునందలి సారము. తరువాత ఆ విద్యార్థులు ఏ దుకాణమున అడుగుపెట్టినను మొదట నేలను కాక కిటికీలను చూతురు.