పుప్పాలగూడ రేకుల గదులలో

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, మణికొండకును నార్సింగికిని చేరువను, పుప్పాలగూడ యను గ్రామమున్నది. గ్రామమని యనుట అలవాటుచేతనే గాని నేడు దానిని గ్రామముగా గుర్తించుట కష్టము. 1998లో హైటెక్ సిటీయందు సైబర్ టవర్స్ తెరువబడిన పిమ్మట నగరము ఈ దిక్కునకు ప్రాకివచ్చి, రాతిగుట్టలను పగులగొట్టి, ఆకాశము నంటు మేడలను నిలిపినది. ఆ మేడలను మన పాఠకురాండ్రలో పలువురు చూచియే యుందురు. కొందరు వానియందు కాపురముండియు నుందురు. వానిని కట్టుచున్నవారి యిండ్లలో అడుగుపెట్టినవారు మాత్రము కొలదిమంది.

కట్టడముల చెంతనే ఇనుపరేకులతో వరుసగా వేసిన గదులవి. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క సంసారము. వేసవిలో మిట్టమధ్యాహ్నము ఆ రేకును చేతితో తాకరాదు. నీరు ట్యాంకరుపై రావలెను. స్నానమునకు చాటు లేక స్త్రీలు చీకటి పడువరకు వేచియుందురు. పాలమూరు జిల్లావారు, ఒడిస్సావారు, బీహారు, జార్ఖండు, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములవారు ఇచ్చట ఒకరి ప్రక్క నొకరు వంట చేసికొనుచుందురు. ఒకరి మాట ఒకరికి తెలియదు.

ఆదివారపు ఆరాధన ముగిసిన పిదప ఇట్టి గదులకు పోవు చర్చి స్త్రీలతో మేమును పోవుచున్నాము. వారిలో ఉపాధ్యాయినులు కలరు, నర్సులు కలరు, కంప్యూటరు ఉద్యోగము చేయు యువతులు కలరు, ఇల్లు దిద్దుకొను తల్లులును కలరు. సాధారణముగా ఇట్టి సేవ బియ్యపు సంచులతోను పాత చీరలతోను ఆరంభమగును. అది తప్పు గాదు. అయితే ఒక ఆదివారమున సంచి నందుకొనుచు పాలమూరి తల్లి యొకతె యన్న మాట మా అందరి మనస్సులలోను నాటుకొన్నది.

"బియ్యమిస్తే నాలుగు దినాలు తింటం అక్కా. ఈ పిలగాన్ని సూసుకునేటోళ్ళుంటె నేను రోజూ పనికి వోత."

ఆమె చంకలో ఏడాది బిడ్డ. ఆ ప్రక్కనే ఎనిమిదేండ్ల కూతురు. తల్లి ఇటుకలు మోయుటకు పోయిన దినమున ఆ పసివానికి ఆ పిల్లయే తల్లి. ఆ దినమున దానికి బడి లేదు. చంటిబిడ్డను చూచు చోటు లేకపోవుటచేత ఒక బాలిక చదువు పోవుచున్నదన్న మాట! బియ్యపు సంచి ఎంత పెద్దదైనను ఆ చదువు తిరిగి రాదు.

దీనికి చట్టములో దారి లేకపోలేదు. కట్టడపు పనివారికై 1996లో చేసిన చట్టము, ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయు చోట ఆరేండ్లలోపు బిడ్డలకు గది యొకటి ఏర్పరుపవలెనని శాసించెను. 2025 నవంబరులో నూతన కార్మిక స్మృతులు ఆ చట్టము స్థానమున అమలునకు వచ్చినవి. శిశుసంరక్షణ గదుల మాట వానియందును గలదు. అయినను చట్టములోని గది వేరు, తలుపు తెరచి ఆయా కూర్చున్న గది వేరు. ప్రతిదినము ప్రొద్దుటినుండి సాయంకాలమువరకు బిడ్డలను చూచుట ఆదివారపు బృందమునకు శక్యము గాదు. ఆ పని చేయవలసినవారిని అడుగుట మాత్రము శక్యమే. కూలి చేయు స్త్రీ అడిగినచో మరునాడు పని పోవునేమో యను భయముండును. నలుగురు చదువుకొన్న స్త్రీలు మేస్త్రీ యెదుటను, గుత్తదారు నెదుటను వినయముగా నిలిచి యడిగినచో ఆ భయమునకు తావు తగ్గును.

కట్టడపు కూలీల నడుమ క్రైస్తవ మిషనువారు పనిచేయుట మనకు క్రొత్త గాదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన కరవులో, ఒంగోలునందలి అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల భాగమును తామే గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసిరి. మెదకులో పోస్నెట్ దొరగారు 1914 మొదలు పదేండ్లపాటు కట్టించి, 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠింపజేసిన ఆ మహాదేవాలయము సైతము కరవు దినములలో పలువురకు పనియు అన్నమును పెట్టినదని నేటికిని చెప్పుకొందురు.

క్లౌ దొరగారి కథలో మరియొక మాట కలదు. కరవు సహాయము సాగినంతకాలము ఆయన బాప్తిస్మము లిచ్చుట నిలిపివేసిరి. అన్నమునకై మతము పుచ్చుకొనిరను మాట పుట్టరాదని ఆయన తలంపు. సహాయపు పని ముగిసిన తరువాత, 1878 జూలై 3వ తేదీన ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. అంతమంది వచ్చుటకు కరవుతో నేమియు సంబంధము లేదని వాదించుట మా యుద్దేశము గాదు. అయినను పెట్టెడి చేతిని బోధించెడి నోటితో కలుపరాదని నూటయేబది యేండ్లకు పూర్వమే ఒకరికి తోచినది. పుప్పాలగూడలో మేమెరిగిన స్త్రీలును అట్లే చేయుచున్నారు. గదుల నడుమ పాటలు పాడరు, కరపత్రములు పంచరు. ఎవరైన తమకొరకు ప్రార్థింపుమని కోరినచో ప్రార్థింతురు. ఈ విషయమున సంఘములో అందరి యభిప్రాయము ఒకటి గాదు. సువార్త చెప్పని సేవ యేమి సేవయని పెద్దలు కొందరు అడుగుచునే యున్నారు. మాకు మాత్రము ఆకలితో నున్నవారిని శ్రోతలను చేసికొనుట న్యాయముగా తోచదు.

ఇప్పుడు వారి ఆదివారములు ఎక్కువగా కాగితములతో గడచుచున్నవి. వినుటకు ఇంపైన సేవ గాదు గాని, ఫలమెక్కువ. ఒడిస్సాలో పుచ్చుకొన్న రేషను కార్డుపై ఇచ్చటి దుకాణములోనే వ్రేలిముద్ర వేసి ధాన్యము తెచ్చుకొనవచ్చును. మిగిలిన భాగమును ఊరిలోని అత్తమామలు తీసికొనవచ్చును. 2019లో ఈ యేర్పాటును మొదట పరీక్షించిన తావులలో మన రెండు తెలుగు రాష్ట్రములును గలవు. అయినను దానిని ఎరిగిన కూలి స్త్రీలు అరుదు. పదునెనిమిది మొదలు అరువది యేండ్లలోపు వారు, గడచిన యేడాదిలో తొంబది దినములు కట్టడపు పని చేసినచో, సంక్షేమ మండలిలో పేరు వ్రాయించుకొనవచ్చును. ప్రసూతికి సహాయము, ప్రమాదమున చనిపోయినచో కుటుంబమునకు ధనము దాని మూలముననే వచ్చును. తొంబది దినములు పనిచేసినట్లు ఎవరు వ్రాసియిత్తురను చోటనే వ్యవహారము నిలిచిపోవుచుండును. ఒక్క సంతకమునకై మూడు వారములు తిరిగిన స్త్రీని మేమెరుగుదుము.

అంగన్వాడీకి గర్భిణిని వెంటబెట్టుకొనిపోయి పేరు వ్రాయించిన, ఒకపూట భోజనము, గ్రుడ్డు, పాలు దొరకును. పరవూరివారమని ఆమె వెనుదీయ నవసరము లేదు. బడి విషయమును అంతియే. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము, జన్మపత్రిక లేదనిగాని బదిలీపత్రము ఆలస్యమైనదనిగాని బిడ్డను త్రిప్పి పంపరాదు.

ఈ కాగితముల విలువ 2020లో తెలిసినది. మార్చి 25న దేశమంతయు మూతపడగా పనియు కూలియు నిలిచిపోయినవి. ఏ జాబితాలోను పేరు లేనివారికి ఏది యిచ్చుటకును అధికారులకు ఆధారము కష్టమయ్యెను. మే 1వ తేదీ తెల్లవారుజామున దేశములోని మొదటి శ్రామిక రైలు బయలుదేరినది ఈ ప్రాంతమునందలి లింగంపల్లి నుండియే. సుమారు 1,200 మంది కూలీలతో అది జార్ఖండులోని హటియాకు పోయినది.

మేడ పూర్తియైనచో రేకులు విప్పుదురు. సంసారములు కోకాపేటకో మరియొక చోటికో పోవును. అందుచేత నర్సులు బిడ్డలకు వేసిన టీకాల వివరములను తమ పుస్తకములో నుంచుకొనక, చిన్న అట్టపై వ్రాసి తల్లి చేతికే యిచ్చుచున్నారు. మన పాఠకురాండ్రలో ఒడియా మాటలాడ నేర్చినవారున్నచో, ఆదివారము మధ్యాహ్నము రెండు గంటల కాలము వారికి చిక్కునేని, ఈ స్త్రీలకు పది బియ్యపు సంచులకంటె వారి రాక యెక్కువ. అట్టపై నున్నదానిని తల్లికి చదివి వినిపించుటకు ఇప్పుడు మనిషి లేదు.