పొయ్యి వెలగని పండుగ

2024లో అక్టోబరు 12. 2025లో అక్టోబరు 2. రెండూ మనకు విజయదశమి రోజులే. నరసరావుపేటలో గుమ్మాలకు బంతిపూలు, బళ్లకు పూజలు, ఇంటింటా పిండివంటలు. సరిగ్గా ఆ రెండు రోజులూ యూదులకు ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్. ముందురోజు పొద్దుగూకింది మొదలు మర్నాడు చుక్కలు పొడిచేదాకా దాదాపు 25 గంటలు పచ్చి మంచినీళ్లు ముట్టరు, పొయ్యి వెలిగించరు. వాళ్లూ మనలాగే చాంద్రమాసాలు లెక్కగట్టి, అధికమాసంతో సరిపెట్టుకుంటారు. అందుకే వాళ్ల తిష్రీ దశమి, మన ఆశ్వయుజ దశమి తరచూ కలుస్తుంటాయి. 2023లో మనకు అధిక శ్రావణం వచ్చి నెల తేడా పడింది.

యూదు పండుగలు చేసుకునే తెలుగువాళ్లూ ఉన్నారు. మన పాత గుంటూరు జిల్లాలోనే, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో. షమూయేలు, సాదోక్ యాకోబి సోదరుల చొరవతో 1990ల తొలినాళ్లలో అక్కడ సినగాగు వెలిసింది. అక్కడివాళ్లు తమను ‘బెనె ఎఫ్రాయిము’ అని చెప్పుకుంటారు. క్రీస్తుపూర్వం 722లో అష్షూరు దెబ్బకు చెదిరిపోయిన పది ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటి తమదని వాళ్ల నమ్మకం. వీళ్లవి మాదిగ కుటుంబాలు, అంతకుముందు బాప్టిస్టులు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీళ్ల మీద రాసిన పుస్తకాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించింది. ఈశాన్య భారతంలోని బ్నే మెనషేలను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల్లో ఒకరు ఇశ్రాయేలు వంశస్థులుగా గుర్తించారు కానీ, వీళ్లకు ఆ గుర్తింపు దక్కలేదు. వంశం సంగతి తేల్చడం నా పని కాదు. పండుగ చేసుకోవడానికి వీసా అక్కర్లేదు కదా!

అసలు చిక్కు ఇరుగుపొరుగుకు చెప్పడంలో ఉంది. హిందూ స్నేహితుడికైతే పండుగ వెనకున్న కథ మొదటినుంచీ చెప్పుకు రావచ్చు. క్రైస్తవ స్నేహితుడికి కథ ముందే తెలుసు. 1842లో గుంటూరులో దిగిన క్రైస్తవ మిషనరీ హేయర్ దొర ఆ తర్వాత గురజాలకూ వచ్చాడు. అప్పటినుంచి మోషే, ఫరోల కథ పల్నాటి పల్లెల్లో వినబడుతూనే ఉంది. పస్కా అనగానే చర్చికి వెళ్లేవారికి సిలువ గుర్తొస్తుంది, గొర్రెపిల్ల అంటే క్రీస్తే. యూదుడికి అది ఐగుప్తులో వెట్టి చేసిన జనం బయటపడిన రాత్రి. భోజనాల దగ్గర ఇంట్లో అందరికన్నా చిన్నపిల్లవాడు ఈ రాత్రి ప్రత్యేకత ఏమిటని ప్రశ్నలు వేస్తాడు. పెద్దలు జవాబు చెప్పేటప్పుడు ఎవరో పూర్వీకులు కాదు, తామే బానిసత్వం నుంచి బయటికి వచ్చామన్నట్టు చెప్పాలి. మాదిగపల్లెలో ఆ మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు. అమెరికాలో కొన్ని చర్చిలు ఈ విందును తామే జరిపి క్రీస్తు కథగా మార్చేస్తుంటే రబ్బీలు ఎందుకు నొచ్చుకుంటారో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది. విందుకు అతిథిగా వెళ్లడం వేరు, విందునే పట్టుకుపోవడం వేరు.

అలాగే యూదులు దీపాలు వెలిగించే హనుక్కాను ‘యూదుల దీపావళి’ అనడం నాకు నచ్చదు. కారంపూడిలో కార్తీక అమావాస్యకు జరిగే వీరారాధనను ఎవరైనా ‘జాతర’ అని తేల్చేస్తే పల్నాడువాడు ఊరుకుంటాడా? రాచగావు నుంచి కల్లిపాడు దాకా ఐదు రోజుల కథ చెబుతాడు. మందపోరు నాటి చాపకూడు దగ్గర ఆగి, బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద ఎందుకు కూర్చోబెట్టాడో, మాల కన్నమదాసు ఎవరో చెప్పిగానీ వదలడు. ఆ ఓపిక ఎదుటివాడి పండుగకూ చూపాలి.

కొంకణ తీరంలోని బెనె ఇశ్రాయేలీ యూదులు నూనె గానుగలు ఆడించేవారు. శనివారం పని మానేస్తారు కాబట్టి ఊరివాళ్లు వాళ్లను ‘శనివార్ తేలీ’ అన్నారు. వాళ్లు ఏం తింటారో కాదు, ఏం మానేస్తారో పొరుగువాళ్ల కంటబడింది. నాకైతే యూదు పండుగల అర్థం అక్కడే దొరుకుతుంది. పస్కాకు పులిసిన రొట్టె మానాలి, పర్ణశాలల పండుగకు గట్టి కప్పు వదిలి ఆకుల పందిరి కిందికి రావాలి. ఇక కూలికి వెళ్లే ఇంట్లో శనివారం మానుకుంటే ఒక రోజు డబ్బులు పోయినట్టే. యోమ్ కిప్పూర్ నియమం ఇంకా గట్టిది. దేవుడికి చేసిన తప్పు ప్రార్థనతో పోతుంది కానీ, మనిషికి చేసిన తప్పు పోదు. ముందు ఆ మనిషి గడప తొక్కి క్షమించమని అడగాలి. నా దృష్టిలో అన్యమతస్థుడికి మొదట చెప్పాల్సిన సంగతి ఇదే.

చెప్పకపోతే ఏమవుతుందో యూరప్ చూసింది. 1144లో ఇంగ్లండులోని నార్విచ్‌లో ఒక కుర్రాడు చనిపోతే ఆ నేరం యూదుల మీద మోపారు. పస్కా కోసం పిల్లల్ని చంపుతారనే అబద్ధం ఆ తర్వాత ఖండమంతా పాకింది, ఎన్నో ప్రాణాలు తీసింది. పండుగ వివరిస్తే ద్వేషం పోతుందని నేననను. కానీ ఆ భోజనం దగ్గర ఒకసారి కూర్చున్నవాడికి అలాంటి అబద్ధం అమ్మడం కష్టం.

మిమ్మల్ని ఎవరైనా తమ పండుగకు పిలిస్తే ‘ఇది మాకు దేనిలాంటిది’ అని వెంటనే పోలిక వెతక్కండి. ఈ రోజు మీరు ఏం మానుకుంటారు, ఎందుకని అడగండి. కొత్తరెడ్డిపాలెం వెళ్లాలనుకుంటే ముందుగా కబురు పెట్టండి. వెళ్లేది శనివారమైతే ఫోను జేబులోనే ఉంచండి.