గుర్రపు వాతం జాడ రక్తంలో

గర్భిణికి కాళ్ళకు నీరు పడితే "నెలలు నిండుతున్నాయి, మామూలే" అంటారు తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెల్లో పెద్దవాళ్ళు. చాలాసార్లు అది నిజమే. కాని 20 వారాలు దాటాక బి.పి. 140/90కి చేరి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే అది ప్రీఎక్లాంప్సియా. ముదిరితే ఫిట్స్ వస్తాయి. మనవాళ్ళు గుర్రపు వాతం అనేది దాన్నే. తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం.

దీని మూలం మాయలో ఉంది. మాయకు రక్తం చాలకపోతే ఎస్-ఫ్లిట్-1 అనే ప్రోటీన్‌ను తల్లి రక్తంలోకి ఎక్కువగా వదులుతుంది. రక్తనాళాలకు మేలు చేసే పి.ఎల్.జి.ఎఫ్.ను అది పట్టి కట్టేస్తుంది. 2003లో బోస్టన్‌లో డాక్టర్ అనంత్ కరుమంచి బృందం ఈ సంగతి బయటపెట్టింది. అనుమానమున్న గర్భిణిలో ఈ రెండింటి నిష్పత్తి 38 దాటకపోతే, వారం లోపల జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువని 2016లో వెలువడిన పరిశోధన చూపింది. దాటితే జబ్బు ఖాయమని కాదు, కనిపెట్టి ఉండాలని.

రేపల్లె నుంచి బస్సెక్కి రావలసిన తల్లికి వారం రోజుల భరోసా చిన్నదేమీ కాదు. అయినా బి.పి., మూత్ర పరీక్షలు మానకూడదు. విపరీతమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం, డొక్క కింద కుడివైపు నొప్పి వస్తే పాత రిపోర్టు చూసుకుంటూ కూర్చోకండమ్మా, వెంటనే 108కి ఫోన్ చేయండి.