ముల్కీ నిబంధనలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: ముల్కీ అంటే తెలంగాణలో పుట్టిన తెలుగువాడు.

వాస్తవం: నిజాం 1919లో జారీచేసిన ఫర్మానా, అంటే రాజశాసనం, ప్రభుత్వోద్యోగాలకు అర్హుడైన ముల్కీని (స్థానికుణ్ణి) నిర్ణయించడానికి భాషను చూడలేదు, హైదరాబాదు రాజ్య ప్రజ అవునా కాదా అన్నదే చూసింది. బ్రిటిషిండియాలో పుట్టినవారు బ్రిటిష్ ప్రజలు కాగా సంస్థానాల వారు 'బ్రిటిష్ రక్షిత వ్యక్తులు' మాత్రమే కనుక, ఇది దాదాపుగా జాతీయతా నిబంధనే. అందుచేత ఔరంగాబాదు మరాఠీ భాషి ఆదిలాబాదు కచేరీలో కొలువుకు అర్హుడు కాగా, రాజమండ్రి తెలుగువాడూ, ప్రాణహితకు ఆవలి గట్టునున్న చాందా జిల్లావాడూ పరాయివారయ్యారు. అయితే రాజ్యంలో 15 ఏళ్లు స్థిరంగా నివసించి, పూర్వస్థలానికి తిరిగివెళ్లే ఉద్దేశం మానుకున్నట్టు మేజిస్ట్రేటు ఎదుట అఫిడవిట్ అనే ప్రమాణపత్రం ఇచ్చినవారికి ముల్కీ హోదా దక్కేది; ముల్కీని పెళ్లాడిన స్త్రీకీ అంతే. వీరెవరూ కానివారికి కూడా నిజాం ప్రత్యేకానుమతి ఉంటే ఉద్యోగం వచ్చేది. 1952లో వరంగల్లులో మొదలై హైదరాబాదులో కాల్పులదాకా వెళ్లిన ఆందోళనలో నకిలీ ముల్కీ పత్రాలపై ఆగ్రహం పెద్ద పాత్రే వహించింది.

అపోహ: యుద్ధకాలపు కర్మాగారాలకూ ముల్కీ నిబంధనలే వర్తించాయి.

వాస్తవం: ఇవి సివిల్ సర్వీసు నిబంధనావళిలో భాగం కనుక ప్రభుత్వ కొలువులకే పరిమితం, 1942లో ఉత్పత్తి మొదలుపెట్టిన సిర్పూరు కాగితపు మిల్లు, బెల్లంపల్లిలో బొగ్గు తవ్విన సింగరేణి కంపెనీ వీటి పరిధిలోకి రావు. తర్వాతికాలంలో ఎద్దుమైలారంలో వెలసిన ఆయుధ కర్మాగారం తెలంగాణ గడ్డపై ఉన్నా కేంద్రానిది; నివాసాన్ని బట్టి వివక్షను నిషేధించే రాజ్యాంగ 16వ అధికరణం పార్లమెంటుకిచ్చిన మినహాయింపు రాష్ట్ర, స్థానిక సంస్థల కొలువులకే చెల్లుతుంది.

అపోహ: నిజాం పాలనతోనే ముల్కీ ముగిసింది.

వాస్తవం: రాజ్యాంగం వచ్చాక కూడా ముల్కీ నిబంధనలు అమలులోనే ఉన్నాయని 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తేల్చింది; 1973లో పార్లమెంటు వాటిని రద్దుచేసింది.

అపోహ: ముల్కీ నిబంధనల రద్దు తర్వాత వచ్చిన 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు జిల్లాస్థాయి ఉద్యోగాల్లో 80 శాతం స్థానికులకూ, 20 శాతం బయటివారికీ పంచింది.

వాస్తవం: ఆ 20 శాతం ఎవరి వాటా కాదు, స్థానికులు సైతం ప్రతిభతో పోటీపడవలసిన బహిరంగ విభాగం, బయటివారి కోటాగా చలామణి అయిన ఈ లెక్క చాలామంది నిరుద్యోగులను తప్పుదోవ పట్టించింది. ఆ ఉత్తర్వు ఆదిలాబాదు, కరీంనగర్, వరంగల్, ఖమ్మం జిల్లాలను ఉద్యోగ నియామకాల కోసం ఐదో జోన్‌గా కూర్చింది. స్థానికతను మాత్రం పుట్టుకతో కాక చదువుతో కొలిచింది. కనుక కరీంనగర్‌లో పుట్టినా, మెట్రిక్యులేషన్‌తో ముగిసే నాలుగేళ్లూ వరుసగా గుంటూరులో చదివినవాడు దాని ప్రకారం కరీంనగర్‌లో స్థానికేతరుడే అయ్యేవాడు.