"జబ్బుకు జన్యువు దొరికింది" అనే వార్త నమ్మవచ్చునా?



"షుగరు వ్యాధికి కారణమైన జన్యువు దొరికింది" అని పత్రికలో చదివితే, ఆ వ్యాధి ఉన్న కుటుంబాలలో ఆశ, భయం రెండూ కలుగుతాయి. "రక్తంలోనే ఉంటే ఇక పథ్యమెందుకు?" అని మందులు మానేసేవారున్నారు. అప్పుచేసి ఖరీదైన జన్యు పరీక్షలకు వెళ్ళేవారూ ఉన్నారు. కాబట్టి ఇటువంటి పరిశోధనల గురించి కొంత తెలుసుకొనుట అవసరం.

ఈ పరిశోధన ఎలా చేస్తారు?

జబ్బు ఉన్నవారి జన్యువులను, లేనివారి జన్యువులను పోల్చి చూస్తారు. ఏదైనా తేడా ఒక గుంపులో ఎక్కువగా కనబడితే, దానికీ జబ్బుకూ సంబంధం ఉన్నదంటారు. అయితే సంబంధం ఉన్నంత మాత్రాన అదే కారణమని కాదు.

పొరపాటు ఎక్కడ జరుగుతుంది?

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో పీమా, పపాగో అనే ఆదివాసి తెగలలో మధుమేహం చాలా ఎక్కువ. వారిలో 4,920 మందిని పరిశీలించిన వివరాలు 1988లో వెలువడ్డాయి. ఒక జన్యు గుర్తు ఉన్నవారిలో నూటికి 8 మందికి, లేనివారిలో నూటికి 29 మందికి మధుమేహం ఉన్నది. ఆ గుర్తే కాపాడుతున్నదని ఎవరైనా అనుకుంటారు. కాని అది ఐరోపా పూర్వీకుల నుండి వచ్చిన గుర్తు మాత్రమే. పూర్తిగా ఆదివాసి సంతతివారినే పోల్చి చూడగా ఆ తేడా కనబడలేదు. పరిశోధకులు పూర్వీకుల వివరాలు కూడా తెలిపినందువలననే ఈ నిజం బయటపడింది.

2002లో ఒక సమీక్ష, మూడు లేక అంతకన్న ఎక్కువసార్లు పరీక్షించిన 166 జన్యు సంబంధాలను పరిశీలించింది. వాటిలో స్థిరంగా నిలిచినవి 6 మాత్రమే.

నివేదికలో ఏమి ఉండాలి?

ఇందుకే 2009లో శాస్త్రవేత్తలు 'స్ట్రేగా' అనే మార్గదర్శకాలను ప్రచురించారు. వాటి ప్రకారం పరిశోధకులు ఈ క్రింది వివరాలు దాచకుండా తెలపాలి:

1. ఎవరిని, ఎందరిని, ఎలా ఎన్నుకున్నారు?
2. వారి పూర్వీకుల తేడాలను ఎలా లెక్కలోకి తీసుకున్నారు?
3. ప్రయోగశాలలో తప్పులు ఎలా పట్టుకున్నారు?
4. ఎన్ని జన్యు తేడాలను పరీక్షించారు? ఫలితం రానివాటిని కూడా చెప్పారా?
5. ఇది మొదటి పరిశోధనా, లేక పాతదానిని సరిచూసినదా?

మనమేమి చేయాలి?

సికిల్ సెల్, తలసేమియా వంటివి ఒకే జన్యువులోని లోపం వలన వస్తాయి. వాటికి డాక్టరు చెప్పిన పరీక్షలు తప్పక చేయించుకోవాలి. పెద్దలకు సాధారణంగా వచ్చే మధుమేహం అలాంటిది కాదు. దానిలో వందలాది జన్యు తేడాలు కొద్దికొద్దిగా పాలుపంచుకుంటాయి. మితాహారం, నడక, బరువు తగ్గించుకొనుట, సమయానికి మందులు నేటికీ మేలుచేస్తాయి. వార్త చదివి మందులు మానవద్దు. ఆ కాగితాన్ని మీ డాక్టరుకు చూపించి అడగండి.

ప్రభువు మీ కుటుంబాలకు మంచి ఆరోగ్యమును దయచేయును గాక.