గంధం రంగా, మీగడ రంగా?

ఎరుపు, నారింజ, పసుపు కుటుంబానికి చెందిన వాటిని వెచ్చని రంగులంటారు. అయితే గదికి అటువంటి రంగు వేయించదలచినవారు షేడ్ కార్డు ఎంత తిరగేసినా చివరికి మీగడ రంగు దగ్గరో, లేత గంధం రంగు దగ్గరో ఆగుతారు. కార్డు మీద ఈ రెండింటికీ తేడా అంతగా తెలియదు కాని, గోడకెక్కాక మీగడ రంగు నిమ్మపసుపు వైపు, గంధం రంగు గులాబీ వైపు మొగ్గినట్టు కనిపించవచ్చు. తెల్లని బేస్‌లో పసుపు, ఎరుపు, నలుపు వర్ణకాలను కలిపిన పాళ్లను బట్టి ఏర్పడే ఈ మొగ్గునే అంతర్ఛాయ అంటారు. రెండు ముక్కలనూ తెల్ల కాగితం మీద పక్కపక్కనే పెడితే అది ఇట్టే బయటపడుతుంది.

గోడ రంగు పక్కనున్న రంగులను బట్టి కూడా వేరుగా తోస్తుంది. పారిస్‌లోని గోబెలిన్స్ చిత్రవస్త్ర కర్మాగారంలో అద్దకాలను పర్యవేక్షించిన రసాయనవేత్త షెవ్రోల్, నల్ల దారాలు వెలవెలబోతున్నాయన్న ఫిర్యాదును పరిశీలించి, లోపం అద్దకంలో కాక పక్కనున్న రంగుల్లో ఉందని గ్రహించి, ఆ సూత్రాన్ని 1839లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. ఎర్రని టేకు తలుపు పక్కన మీగడ రంగు కాస్త ఆకుపచ్చ వైపు మొగ్గినట్టు తోచడానికీ ఆ సూత్రమే కారణం.

అంతకంటే నిర్ణాయకమైనది రాత్రి వెలుగు. దీపపు వెలుగు ఛాయను కెల్విన్లలో కొలుస్తారు. 6500 కెల్విన్ల ట్యూబ్‌లైటు నీలి ఛాయగల తెలుపునూ, 2700 కెల్విన్ల బల్బు పసుపు వెలుగునూ ఇస్తాయి. మొదటిదాని కింద మీగడ రంగు పాలిపోతుంది, ఎరుపు పాలున్న గంధం రంగు నిలుస్తుంది. రెండవదాని కింద అదే గంధం రంగు నారింజకు తిరిగి ఎబ్బెట్టుగా తోచవచ్చు. కనుక తెల్లని ట్యూబ్‌లైట్ల ఇంటికి గంధం, పసుపు దీపాల ఇంటికి మీగడ నప్పుతాయి. పగటిపూట దుకాణంలో ఎంచడం ఈ కారణంగానే అంత నమ్మదగినది కాదు.

గోడ మీదే చిన్న మచ్చలు వేసి చూడడం పెయింటర్లకు అలవాటే అయినా, రెండడుగుల అట్టలకు రెండేసి కోట్లు వేసి, పూర్తిగా ఆరాక, కిటికీ పక్కనా, చీకటి మూలా, దీపం కిందా మార్చి మార్చి చూడడం మేలు. తడి ఎమల్షన్ సాధారణంగా ఆరాక కొంత ముదురుతుంది. పైగా నాలుగు గోడలూ ఒకదాని వెలుగును మరొకదానిపైకి విసురుకోవడం వల్ల గదిలో రంగు అట్ట మీద కంటే గాఢంగా కనిపిస్తుంది గనుక, రెండూ సమంగా నచ్చినప్పుడు లేతదాన్నే ఎంచుకోవాలి.